జ్ఞానాపురం కాటా దగ్గర

లారీ ఎక్కితే కాటా గది గోడ వణుకుతుంది.
గోడ వెనక మా సర్వరు వణకదు.
ఒకప్పుడు మీగడ రంగంట,
ఇప్పుడు పాత పళ్ళ రంగు.
రేవు మీది బొగ్గునీ, సముద్రం మీది ఉప్పునీ
మింగి మింగి దాని ఫ్యాన్లు గురక పెడతాయి.
కుట్టుమిషను నూనె రెండు చుక్కలేస్తే
ఓ నెల్లాళ్ళు ఒత్తిగిలి పడుకుంటాయి.

కొత్తది కొనమని అడగని ఏడాది లేదు.
"నడుస్తోంది కదా" అంటారు ఓనరుగారు.
నడిపిస్తున్నాం అన్నమాట ఆయన చెవిదాకా పోదు.
ప్రోగ్రాం రాసిన మనిషి
అసలు కోడ్ ఎక్కడ దాచాడో చెప్పకుండానే పోయాడు.

నాకు పని నేర్పింది కోరాడ దాలినాయుడు.
ముందు కాటా గుమస్తా, ఆ తర్వాతే మెకానిక్కు.
మెమరీ కార్డు పళ్ళని బడిపిల్లల రబ్బరుతో తోమేవాడు,
"ఉప్పు పట్టీసిందే గుంటా, నోరు కడగాల" అంటూ.
డిస్కు తిరగనని మొండికేస్తే
బయటికి లాగి, అరచేతిలో పెట్టుకుని,
చెవి మెలేసినట్టు ఒక్క తిప్పు.
లోపల కీచుమని ఏదో లేచేది.
"మాటిమాటికీ సెయ్యకు. సచ్చిపోద్ది."

పొట్టలుబ్బిన కెపాసిటర్లు ఊడబీకి
ఆటోనగర్ తుక్కు దుకాణంలో
కిలో లెక్కన కొన్న బోర్డుల నుంచి
బతికున్నవి ఏరి అతికేవాళ్ళం.
గుగ్గిలం పొగ నా చున్నీకి పట్టి
బస్సులో పక్కావిడ అడిగింది,
ఏ గుడికెళ్ళొస్తున్నావమ్మా అని.

అన్నిటికన్నా పెద్ద రోగం గడియారానిది.
చిప్పులోనే బ్యాటరీ పెట్టి నల్లటి పోత పోసి మూసేశారు,
చచ్చాక పారెయ్యమని కాబోలు.
దాలినాయుడు హాక్సా బ్లేడుతో
దాని నెత్తి గీకుతూ కూచున్నాడు, రెండు పూటలు,
లోపలి లోహం రెండు చుక్కలై మెరిసేదాకా.
వాటికి రెండు వైర్లు, వైర్ల చివర బిళ్ళ బ్యాటరీ.
ఇప్పటికీ అక్కడే వేలాడుతుంది,
కొయ్యడం మర్చిపోయిన బొడ్డుతాడులా.

అయినా ప్రోగ్రాముకి రెండంకెల ఏళ్ళే తెలుసు.
తొంభైతొమ్మిది దాటితే దానికి లోకం లేదు.
అందుకని దానికో అబద్ధం చెప్పాడు,
ఇరవై ఎనిమిదేళ్ళు వెనక్కి తిప్పేశాడు.
"ఇరవై ఎనిమిదే ఎందుకు బాబాయ్?"
"వారాలు కలుస్తాయి. సోమారం సోమారమే అవుద్ది.
వారం తప్పితే కూలోళ్ళ లెక్క తప్పుద్ది."
పాత చీటీలతో కలిసిపోకుండా
కొత్తవాటి నంబరు ముందు ఒక సున్నా.
ప్రింటరు గుమ్మంలో కాపలాకి చిన్న ప్రోగ్రాం:
ఇరవై ఎనిమిది తిరిగి కలిపి
కాగితాన్ని ఈ కాలంలోకి వదుల్తుంది.
అబద్ధం చెప్పడం అతనికి ఒక్క మీట.
నిజం చెప్పించడానికి మూడు రాత్రులు.

మోకాళ్ళు మొరాయించి ఇప్పుడతను కంచరపాలెంలో ఉన్నాడు.
తాళాలు నా దగ్గర.
రోజూ పొద్దున్నే
నేనింకా పుట్టని ఒక తేదీలోకి లాగిన్ అయ్యేదాన్ని.

మొన్న మంగళవారం
స్క్రీన్ మీద నా పుట్టినరోజు వచ్చింది.
ఇరవై ఎనిమిదోది కాదు, అసలుది.
కేజీహెచ్‌లో, మంగళవారం, కరెంటు లేదు,
నర్సు టార్చి పట్టుకుందని అమ్మ చెప్పేది.
ఆ తేదీ కొట్టి వెతికాను.
రెండు వరసలొచ్చాయి.
సున్నాతో మొదలయ్యేవి, పొద్దుట్నించీ నేను తూచినవి.
వాటి పైన పాతవి, యూజరు డి. నాయుడు.
పదకొండుం పది నుంచి పన్నెండున్నర దాకా
ఒక్క చీటీ లేదు.

ఫోన్ చేశాను.
"ఆ రోజా?" దగ్గాడు, ఆలోచించాడు.
"కరెంటు పోయుంటాది. అప్పుడు ఇన్వర్టరేటీ లేదు కదా,
పెన్నుతో రాసీసుంటాను."
నేనింకా ఏదో చెప్పబోతుంటే,
"బ్యాటరీ ఎంత సూపిస్తంది?"
రెండు పాయింట్ ఏడు.
"బేగి మార్చీ.
మిషను ఆపకుండా మార్చు.
ఆపీసేవో, ఏ రోజో మర్సిపోద్ది."