విప్పుకునే అద్దం

అంచు ముక్కు కొస దగ్గర ఆగాలంట.
"అద్దంలోంచి కాదు మేడం, అద్దం మీంచి చూడాల"
అంటా నన్ను బండెక్కించి
రొయ్యల మేత అట్టపెట్టె చించి
హెడ్‌లైటు మీద నిలబెట్టాడు ఖాజావలి.
పెంచలయ్య రోడ్డుకవతల నిలబడి, ఒక కన్ను మూసి,
"ఇంకో రెండు వేళ్ళు దించన్నా" అన్నాడు.

కావలి ట్రంకు రోడ్డు, మధ్యాన్నం రెండు.
నెమరేసే బర్రెగొడ్డులా ఒళ్ళు చాచుకున్న నా క్రూయిజరు,
దాని మొహాన మేత కంపెనీవాళ్ళ బొమ్మరొయ్య.
ఆ అట్టతోనే ముసునూరు టోలు దాకా పోయొచ్చా.
చూసినోళ్ళు నవ్వారు. గాలి నవ్వలేదు,
అట్టని మడిచి నా ఒళ్ళో పెట్టింది.

కొట్లో మూడున్నాయి.
నిలువెత్తుది, దాని వెనక కూచుంటే
నా ఊపిరి నాకే వేడిగా తగిలింది.
పొగరంగుది పొట్టిది, ఫొటోలకి.
నడిమిది, లేత తేనెరంగు,
నాలుగు క్లిప్పులు, పానా అక్కర్లేదు,
నొక్కి లాగితే చేతిలోకి వచ్చేసిద్ది.
విప్పడం దేనికన్నా.
"పడమటిగాలికి అద్దం పెడితే ఉడికిపోతారు.
రోహిణికి తీసెయ్యండి, తుపాన్లకి పెట్టుకోండి."
పొడిగుడ్డతో తుడవద్దన్నాడు, ఉప్పు గీరుద్దంట.
తడిపి, నాననిచ్చి,
చంటోడి మొహం కడిగినట్టు కడగమన్నాడు.

బేరం గంటసేపు. రెండు టీలు.
"పురుగు గుద్దిన కంటికి ఆస్పత్రిలో ఎంత కట్టారు?"
అనడిగి గెలిచాడు.
నిజమే. అల్లూరు దాటితే సందేళ
గుంటల దీపాలకి లేచే పురుగులు
మొహాన వడగళ్ళు.

నా పని నీళ్ళు.
ఇసకపల్లి, తుమ్మలపెంట, గుంట గుంటకీ దిగి
సీసాల్లో నీళ్ళు, ఐసుడబ్బాలో నాలుగు రొయ్యలు,
తెల్లారి ఫలితం.
ఫోన్లో చెప్పొచ్చు. చెప్పను.
తెల్లమచ్చ అనే మాట
మనిషి ఎదట నిలబడి చెప్పాల్సిన మాట.

అద్దం బిగించిన మొదటి వారం సుఖం.
తూరుపుగాలి రెండు పాయలై చెవుల పక్కన పోయేది.
ఇంజను గొంతు విన్నా.
బండి మీద నేను కూనిరాగం తీస్తానని
ఆ వారమే తెలిసింది నాకు.

తర్వాత మంగళవారం, చెంచురామయ్య గుంట.
కాయితం చూళ్ళేదు ఆయన, నా మొహం చూశాడు.
గట్టెంట నడిచిపోయి
ఏరేటర్లు ఒక్కోటీ ఆపాడు.
ఆరు.
ఆరోది ఆగినాక నీళ్ళు బండలా పరుచుకున్నాయి.
"మజ్జిగ తాగి పోమ్మా" అన్నాడు.

తిరిగొస్తుంటే కళ్ళల్లో నీళ్ళు.
పదకొండేళ్ళుగా ఇంట్లో, ల్యాబులో, పెట్రోలు బంకులో
అడిగినోళ్ళందరికీ ఒకటే చెప్పా:
గాలికి, బండి మీద గాలికి.
నేనూ అదే అనుకున్నా.
ఇప్పుడు ముందర అద్దం ఉంది,
దాని మీద ఉప్పు ఉంది,
గాలి లేదు.

పొద్దున్నే రిపోర్టులు చూస్తా.
అన్నీ బాగుంటే అద్దంతో పోతా.
ఒక్కటి చెడినా నాలుగు క్లిప్పులూ నొక్కి
దాన్ని ఫ్రిజ్జు పక్కన గోడకానించి బయల్దేరతా.

మొన్న ముసురులో ఎదురొచ్చి ఆపాడు ఖాజావలి.
"వానలో విప్పారేంది మేడం! ఎండకి కదా విప్పమంది."
నా గడ్డం కిందనుంచి కారతా ఉంది.
పెంచలయ్య అప్పుడే చెయ్యి పెట్టి చూస్తున్నాడు,
"క్లిప్పులేమన్నా వదులయినయ్యా అక్కా?"

లేదబ్బాయ్,
గట్టిగానే ఉన్నాయి.