చుక్కకు ధర లేదు

జీలాంగ్‌లో, మూర్‌బూల్ వీధి మలుపులో,
కబాబ్ కొట్టుకూ ఫోన్ల రిపేరు కొట్టుకూ మధ్య
ఇరుక్కుని ఉంటుంది నా కుట్టుపని కొట్టు.
జిప్పు మార్చడం పద్దెనిమిది డాలర్లు,
ప్యాంటు పొట్టి చేయడం పదిహేను.
గోడకు వేలాడే అట్టముక్క మీద అన్నీ రాసి ఉంటాయి.

జూలై చలి. సముద్రపు గాలి తలుపు తోస్తుంటే
ఒకామె వచ్చి బల్ల మీద మూట విప్పింది.
నల్ల గొర్రె తోలు, బొచ్చు లోపలికి.
ఒకే వరసలో ఆరు గుండ్రటి కుట్టు బిళ్లలు,
ఒక్కో బిళ్ల నడుమ నుంచి రెండేసి సన్నటి తోలు పోగులు.
ఏడోది ఉండాల్సిన చోట
తెగిన దారాల మొదళ్లు, పన్నూడిన చిగురులా.

చీటీ రాయడానికి పేరడిగాను.
"హ" అంది.
చలికి ఊపిరి వదిలిందనుకున్నా.
ఇంటిపేరట. ఒకటే అక్షరం.
"హ యూన్‌చీ. మాలో ఇంటిపేరే ముందు."
మాలోనూ అంతే అన్నాను.
ఈ దేశపు కాగితాలు మా ఇద్దర్నీ తిరగేసి తొడుక్కున్నాయి.

కొలతల బొమ్మకు తొడిగి చూశాను,
బిళ్లలు ఛాతీ మీదికి వచ్చేలా.
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.
బొమ్మను భుజాలు పట్టి అటు తిప్పి
తెల్లపట్టీలు రెండూ రొమ్ము మీద కత్తెరలా దాటించి
వెనక్కి లాగి ముడేసింది.
"బుట్ట మోసేది వీపు కదా."

లిజియాంగ్ కొండల్లో నాషీ ఆడవాళ్లు
చుక్కలుండగానే పొలానికి పోయి
చుక్కలు పొడిచాకే తిరిగొస్తారట.
అందుకే చుక్కలు వీపెక్కాయి అంది.
కాదు, అవి కప్ప కళ్లు అంటాడట వాళ్ల మేనమామ.
ఎవరిది నిజమో ఆమె తేల్చలేదు.
పట్టపగలు చుక్కలు కనపడటం గురించి
మా భాషలో ఒక మాటుందని చెప్పబోయాను.
ఇంగ్లీషులో అది కాస్తా ఖగోళశాస్త్రం అయిపోతుందని ఊరుకున్నా.

మా సిద్దిపేట వైపు గొంగడి ఉన్నవాడికి
వానకు అదే గొడుగు, రాత్రికి అదే పక్క.
ఉన్ని నాకు కొత్త కాదు.
ఈ తోలు మాత్రం మిషన్ మాట వినదు,
దబ్బనానికే లొంగుతుంది.

మూడు రాత్రులు పట్టింది.
ఆరింటిలో దేన్ని చూసి కుట్టను?
ఒకటి ఇంకోదానిలా లేదు.
నాలుగోదాంట్లో ఆకుపచ్చ దారం గీత దాటి పక్కకు పోయింది,
దర్జీ కంట్లో నలుసులా.
సరిచేయనా అని ఫోన్ చేశాను.
అవతల కోళ్ల ఫ్యాక్టరీ గొలుసుల చప్పుడు, నైట్ షిఫ్టు.
"అది నేను కుట్టింది. తొమ్మిదేళ్లప్పుడు.
దాని జోలికి పోకండి."

వేలితొడుగు తీసి పెట్టి బయటికొచ్చాను.
సప్తర్షులు ఈ ఊరికి రారు.
ఉత్తరాన, నేల అంచుకు అవతలెక్కడో తిరుగుతుంటారు.
లోపలికెళ్లి
నా దగ్గరున్న ఎరుపుతోనే మొదలుపెట్టాను.

శనివారం వచ్చి తొడుక్కుంది.
కొట్లో ఉన్నది ఒక్కటే అద్దం,
ఎంత మెడ తిప్పినా వీపు ఆమెకు అందలేదు.
"ఎలా ఉంది?"
"ఏడున్నాయి" అన్నాను.
అట్టముక్క మీద చుక్కకు ధర లేదు.
జిప్పు డబ్బులే తీసుకున్నా.

తోలు విప్పకుండా దాని మీదే
బియ్యం సంచి తగిలించుకుని బస్‌స్టాపు వైపు నడిచింది.
చుక్కలన్నీ బరువు కిందికి పోయాయి.
రెండు తోలు పోగులు మాత్రం సంచి అడుగున ఊగుతున్నాయి.
పాతవో, నేను కట్టినవో,
అంత దూరానికి నాకే తెలియలేదు.