వెనక జేబు

పసుపు కార్డు చొక్కా జేబులో ఉంటుంది,
ఎర్రది వెనక జేబులో.
నా చెయ్యి ఎటు పోతుందోనని
ఇరవై రెండు మంది చూస్తారు.

డ్యూస్‌బరీలో ఆదివారం, పదకొండున్నర.
పడీ పడని తుంపర.
మైదానం ఒక మూలకి ఒరిగి ఉంటుంది
కాలు పొట్టిదైన బల్లలా.
పొద్దున గీసిన గీతల్ని
అప్పుడే సగం బురద మింగేసింది.

గోల్‌కీపర్ కోలిన్ హెప్‌వర్త్, నలభై ఆరేళ్ళు,
ఎడమ మోకాలికి పట్టీ.
పెనాల్టీ గీత దాటి రెండడుగులు ముందుకొచ్చాడు.
బంతి తలమీంచి పోతోంది,
వెనక వల ఖాళీ.
చెయ్యి లేచింది.
అతను ఎత్తలేదు, అదే లేచింది,
బల్ల అంచునుంచి గాజు గ్లాసు జారితే లేచినట్టు.

గీతకి ఇవతల అదే చేస్తే
భుజం తట్టేవాళ్ళు.

అందరూ నా చుట్టూ మూగారు.
ఒకడు ఆఫ్‌సైడ్ అన్నాడు, ఒకడు గాలి అన్నాడు,
ఒకడు నా కళ్ళద్దాల సంగతెత్తాడు.
ఆడలేనివాడికి మద్దెలెప్పుడూ ఓడే.
హెప్‌వర్త్ మాత్రం నోరు విప్పలేదు.

పేరు? అన్నాను.
తెలుసు. అయినా అడగాలి.
ఒక్కో అక్షరం విడదీసి చెప్పాడు,
తడిసిన కాగితంలో పెన్సిల్ దిగబడుతుంటే
నేను రాసేదాకా ఆగి ఆగి.

బడి వెనక ఇసుకలో చెడుగుడు ఆడేవాళ్ళం.
అవుటైతే గీత బయట గొంతుక్కూచుని
మనవాళ్ళెవరైనా అవతలివాణ్ణి పడగొడితే
ఒళ్ళు దులుపుకుని మళ్ళీ లోపలికి.
చచ్చి బతకడం అంత తేలిక.
ఈ ఆటలో అది లేదు.
సగం తిన్న విస్తరి ముందునుంచి
లేపేసినట్టే లేపాలి.
ఆ చోటు చివరిదాకా ఖాళీగానే ఉంటుంది.

గ్లవ్స్ విప్పి
ఓవెన్ అనే పదిహేడేళ్ళ కుర్రాడికిచ్చాడు.
వాడు ఎప్పుడూ గోల్లో నిలబడలేదు.
వేళ్ళు సరిగ్గా దూర్చుకోవడం రాకపోతే
హెప్‌వర్తే పట్టీలు బిగించాడు.
నేను గడియారం చూసుకున్నాను.
తొందరపెట్టాలి. పెట్టలేదు.

గీత పక్కన నిలబడకూడదు, అది నియమం.
బట్టలు మార్చుకునే గది తాళం
కౌన్సిల్ వాళ్ళ దగ్గరుంది.
కారు దగ్గరికి నడిచాడు, ఒక కుక్క కొంతదూరం వెంట పోయింది.
మిగతా ఆటంతా
ఆ అద్దం మీద వైపర్లు ఆడుతూనే ఉన్నాయి,
కాదు, కాదు, కాదు అంటూ.
ఓవెన్ నాలుగు వదిలాడు. ఒకటి ఆపాడు.
ఆపినప్పుడు పార్కింగ్ వైపునుంచి
హారన్ ఒక్కసారి మోగింది.

రాత్రి రిపోర్టు నింపాను.
కారణాలన్నీ వరసగా ఉన్నాయి:
ఉమ్మడం, కొట్టడం, బూతులు,
కాలు విరిచేలా తన్నడం,
ఖాయమైన గోల్ కాజేయడం.
చివరిదాని మీద టిక్కు పెట్టాను.
చెయ్యి దానంతటదే లేచిందని
చెప్పుకునే గడి వెతికాను కాసేపు.

సోమవారం, ఏడూ ఇరవై,
మందుల షాపుకి నేనెక్కే బస్సు.
స్టీరింగ్ వెనక అతనే.
పాస్ తీసి చూపించాలి కదా,
మళ్ళీ అతని ముఖం ముందు
ఒక కార్డు ఎత్తాను.

"ఇది ఏ రంగు, రెఫ్?"

వెనకవాళ్ళు తోస్తున్నారు.
నవ్వాలో లేదో తేల్చుకునేలోపే
తలుపు మూసుకుంది.
గేరు మార్చే అతని కుడి బొటనవేలికి
కొత్త ప్లాస్టర్.
నేను చివరి సీటుకి పోయి
చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాను.