మసకది ఒగటి

చీరల కొట్టాయన ఫోన్లో చెప్పింది ఒకటే:
"మగ్గం కనపడల్ల, పనితనం కనపడల్ల.
మనిషి ఉన్నా సరే, లేకున్నా సరే."

ధర్మవరం. రైలుకట్ట పక్క సందు.
మార్చిలోనే రేకులు కాగిపోతున్నాయి.
గుంటలోకి కాళ్ళు దించి కూచున్నాడు కుళ్ళాయప్ప.
జకార్డు పెట్టె నుంచి వానలా దిగే దారాలు,
ఆయన అవతల, నేను ఇవతల.

కెమెరా కొత్తది. వాయిదాలు ఇంకా పదకొండు.
కన్నెక్కడుందో తనే వెతుక్కుంటుంది,
తలంబ్రాల జోరులో కూడా
పెళ్ళికూతురి రెప్పను వదలదు.
దాని ఉప్పు తింటున్నా, చెడ్డగా చెప్పను.

ఇక్కడ మాత్రం పచ్చ చదరం
ఈగలా దారం మీద వాలింది.
తరిమితే పక్క దారం మీద.
లెన్సు గిర్రున ముందుకీ వెనక్కీ పోయి
కట్టు తెంచుకున్న ఎనుములా సందంతా తిరిగి
మళ్ళీ దారం దగ్గరే నిలబడింది.
పోగులు లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టం.
వాటి వెనక కుళ్ళాయప్ప
ఒక గోధుమరంగు మరక.

"అది సరిగ్గానే తీస్తాండాదిలేన్నా,
కొనేటోళ్ళకు నా మొగంతో ఏం పని?"
అన్నాడు నాడె ఆపకుండా.

ఆ మాట తగిలిందో, రేకుల వేడే తగిలిందో,
ఆటో మీట పక్కకు నెట్టాను.

గుత్తిలో, స్టేషను రోడ్డులో,
నబీరసూల్ మామ నా పదిహేనో ఏట
మెడలో వేసిన బరువు కెమెరా.
దాని అద్దం నడుమ చిన్న గుండ్రం.
అందులో మనిషి మొగం అడ్డంగా తెగి ఉండేది,
పై సగం ఒక ఊరు, కింది సగం ఒక ఊరు.
రింగు తిప్పుతూ పోతే
గట్టు తగాదా తీరిన అన్నదమ్ముల్లా
మెల్లగా దగ్గరకొచ్చేవి.
"ముక్కూ ముక్కూ కలిస్తేనే నొక్కు" అనేవాడు మామ.
తొందరపడి నొక్కితే
రీలు ఖర్చు నా టీ డబ్బుల్లో కోసేవాడు.

ఈ కెమెరాలో ఆ గుండ్రం లేదు.
నా కళ్ళకా, నలభై ఏడేళ్ళు.
చత్వారం అద్దాలు నుదుటి మీదికి తోసి
తిప్పాను.
దారాలు కరిగి పొగైపోయాయి.
పొగలోంచి ముందు ముక్కు,
తర్వాత మీసంలో నెరిసిన పక్క...
అంతలో ముందుకు వంగాడు, పోయింది.
మళ్ళీ తిప్పాను. వెనక్కి వాలాడు, పోయింది.
నేసేవాడి ఒళ్ళు ఒకచోట నిలవదు,
నాడె వెంట ఊగుతుంది.
ఆ ఊగు నా వేళ్ళకు పట్టుబడేసరికి
చొక్కా వీపుకు అంటుకుపోయింది.

ఉన్నట్టుండి మగ్గం ఆగింది.
పోగు తెగింది.
దానికేసి చూడనైనా చూడలేదాయన.
తల పైకెత్తి ఎటో చూస్తూ
చీకట్లో మందలోకి దిగి తన గొర్రెను తడిమినట్టు
వేళ్ళను పడుగులోకి వదిలాడు.
కొసలు దొరికాయి. కాస్త బూడిద, ఒక పురి. అతికింది.
"కండ్లు యాపొద్దో పోయినాయి. వేలికి తెలుస్తాది."

అప్పుడు నొక్కాను. నొక్కుతూనే ఉన్నాను.

కెమెరా తెర మీద ఒక్కొక్కటే చూపించాను.
దారాల బొమ్మ చూసి తలూపాడు
(కొట్టాయన తర్వాత కొన్నదీ అదే).
ముక్కూ మీసమూ కుదిరినవి ఊరికే దాటించాడు.
ఒకచోట నా చెయ్యి పట్టుకున్నాడు.
అది చెరిపేయబోతున్న బొమ్మ:
నా వేలు ఒక వెంట్రుకవాసి ఎక్కువ తిరిగి
చూపు ఆయన్ను దాటిపోయి
వెనక గోడ బీటల మీద పడింది.

"ఇది నేను కాదు, మా నాయన.
ఫోటో దించుకోకనే పాయ.
పొద్దు గూకినంక దీపం ముందర కూకుంటే
అచ్చం ఇట్లే అగుపిస్తాండె.
ఈ మసకది ఒగటి కడిగియ్యన్నా."

ఎంత సైజు అని అడిగాను.
గుంటలోంచి లేచి
గోడ మీద జానతో కొలిచాడు.
ఒకటి. ఒకటిన్నర.
రైలేదో పోతోంది, చెప్పింది వినపడలేదు.