పలకని అక్షరం

ఆటోనగర్‌లో లారీ బాడీలు అతికే చేతులివి.
రాత్రి ఎనిమిదింటికి సర్ఫుతో రుద్ది కడిగి
బెంజి సర్కిల్లో మేడమీద ఫ్రెంచి క్లాసుకి పోతాను.
కెనడాలో వెల్డర్లు కావాలట,
ఫ్రెంచి వస్తే పర్మిట్టు తొందరట.

లూర్దమ్మ మేడమ్‌ది యానాం.
"ఇనుము మగ, నాగూరూ. అతుకు ఆడ" అంటుంది.
ఇరవై ఏళ్ళుగా రెంటినీ 'అది' అనే అన్నాను,
ఇంట్లో కాసింబీని కూడా.

మొదటిసారి పరీక్ష తప్పాను.
కనబడ్డ అక్షరాలన్నీ పలికేశాను మరి.
తెలుగులో రాసిందల్లా నోరు తెరుస్తుంది కదా!
పర్మిట్టుని వాళ్ళు 'పెర్మీ' అంటారు,
చివర ఒక ఎస్సు
కిక్కురుమనకుండా కూర్చునుంటుంది.
"పలకనిదాన్ని తీసెయ్యొచ్చుగా?"
"తీస్తే మార్కు పోతుంది."

నిన్న గన్నవరం ఓనరుగారి బండి తయారైంది.
నుదుట ఆయన కూతురి పేరు,
తలుపు మీద ఫోన్ నంబరు,
వెనక చిలక బొమ్మ కింద పెయింటరు సంతకం.
నా అతుకులు రంగు లోపల.
నిమ్మకాయలు తొక్కి కదిలింది,
రేపు గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు ఎత్తుతుంది.
గతుకుల్లో ఊడిపోతేనే
నేనున్నానని తెలిసేది.

శనివారం మళ్ళీ పరీక్ష.
ముసుగు దించుకుని, ఎవరికీ వినబడకుండా,
పెర్మీ, పెర్మీ అనుకుంటూ
రాడ్డు ఆనించాను.

అది మాత్రం
చివరిదాకా
స్స్‌స్ అంటూనే ఉంది.