రాయనిది జరగనట్టే

అడిలైడ్‌లో మూడుసార్లు ప్రకటన వేశారు,
ఆసుపత్రికి కోడర్లు కావాలని.
ఎవరొస్తారు వైయాలాకి,
ఆరేసిన తెల్ల దుప్పటి
సాయంత్రానికి ఇనుపరంగు తేలే ఊరికి?

పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు.
నాలుగు నెలల ఫైళ్లు కోడ్ పడక పేరుకుపోయాక
పెరటి చెట్టునే గిల్లి చూశారు:
స్ట్రెచర్లు తోసే దుశాన్,
రోగిని లేపబోయి నడుం పోగొట్టుకున్న నర్సు మెర్లిండా,
ఫోన్లు కలిపే కోరల్,
పదకొండేళ్లుగా ట్రాలీ మీద టీ, టోస్టు పంచే నేను.

మంగళ, గురువారాలు. లాండ్రీ పక్క గది.
గోడ అవతల యంత్రాలు గిరగిర తిరుగుతుంటే
రిటైరై మళ్లీ వచ్చిన ట్రెగెంజా మేడమ్
కళ్లజోడు తాడు సవరించుకుంటూ చెప్పేది.
ఎస్ డెబ్బై రెండంటే తొడ ఎముక విరగడం.
చుక్క పెట్టి సున్నా వేస్తే, మెడ దగ్గర విరగడం.
నాకు రెండో తరగతి గుణింతం గుర్తొచ్చింది.
అదే క. గుడిస్తే ఒకటి, కొమ్మిస్తే ఇంకొకటి.
అప్పుడు తప్పితే చెవి మెలిపడేది,
ఇప్పుడు తప్పితే ఆసుపత్రికి డబ్బు తగ్గుతుంది.

దుశాన్‌కి స్పెల్లింగులు రావు.
కానీ జబ్బు పేరు చెవిన పడితే చాలు
ఏ లిఫ్టు, ఏ అంతస్తు, ఏ మలుపులో చక్రం కీచుమంటుందో చెప్తాడు.
కోరల్ మూడో వారమే మానేసింది.
మనిషి గొంతు వినపడని పని నాకొద్దంది.

పడితే చాలదు, ఎలా పడ్డారో కావాలి,
ఎక్కడ పడ్డారో కావాలి. వాటికీ కోడ్లున్నాయి.
అన్నిటికన్నా పైన ఒక్క సూత్రం:
రాయనిది జరగనట్టే.
మీరు చూసింది మర్చిపోండి, కాగితం చూడండి.

జూన్‌లో నా చేతికొచ్చిన మొదటి అసలు ఫైలు
ఎల్స్‌పెత్ మక్‌ఫీ. ఎనభై మూడేళ్లు.
రెండో వార్డు, నాలుగో మంచం.
రెండు చెంచాల పంచదార, అంచులు కోసిన టోస్టు.
ఫైల్లో అవేమీ లేవు.
డాక్టరు రాసింది ఒక్క మాట: పడిపోయారు.

నాకు చెప్పింది వేరు.
ఓడల యార్డులో వెల్డింగు చేసిన మొగుడి బూట్లు
ఆయన పోయాక కూడా వెనక తలుపు దగ్గరే ఉంచిందట,
ఆదివారం ఆదివారం పాలిష్ పెట్టి.
"తొమ్మిదేళ్లు దాటుకుంటూనే తిరిగానమ్మా,
ఆ ఒక్క రాత్రే మర్చిపోయాను" అంది,
విరిగిన ఎముక గురించి కాదు,
ఆ మర్చిపోవడం గురించి సిగ్గుపడుతూ.

అంబులెన్సు కాగితం తిరగేశాను.
నర్సుల రాతలు, ఫిజియో పేజీ,
ఆఖరికి మందుల చీటీ వెనకవైపు కూడా.
ఎక్కడా బూట్లు లేవు.
ఆ డాక్టరు డార్విన్‌కి మారిపోయాడు,
ఆమె వృద్ధుల ఆశ్రమానికి.
ట్రెగెంజా మేడమ్ నా భుజం మీదుగా చూసి
ఏమీ అనకుండా కెటిల్ పెట్టడానికి వెళ్లింది.

డబ్ల్యు పందొమ్మిది: ఎలా పడ్డారో తెలియదు.
వై తొంభై రెండు, చుక్క, తొమ్మిది: ఎక్కడో తెలియదు.
తెర మీద పచ్చ టిక్కు పడింది.
తెలిసి తెలియదని రాయడానికి
నా వేళ్లకి చాలాసేపు పట్టింది.

వారానికి రెండు పొద్దులు ఇంకా ట్రాలీ నాదే.
ఇవాళ కిటికీ పక్క మంచం మీదాయన
కట్టు కట్టిన బొటనవేలు చూపించి
పడవ ఊగడం, గాలం తిరగబడటం, గుచ్చుకోవడం
అంతా నవ్వుతూ చెప్పుకొస్తున్నాడు.
టీ కప్పు చేతికివ్వకుండా అలాగే పట్టుకుని అన్నాను:
అయ్యా, ఇదే డాక్టరుకీ చెప్పండి.
పడవతో సహా చెప్పండి.
ఆయన పెన్ను తీసేదాకా ఆపకండి.