రెండు దిక్కుల కండువ

మట్టెవాడ సందుల మూడో దుకాణం నాది.
బోర్డు మీద అక్షరాలు ఎలిసిపోయినయి, మల్ల రాయించలే.
తెలిసినోడు సక్కగ వస్తడు, తెల్వనోడు అడుక్కుంట వస్తడు.
గంతకంటె ప్రచారం మనిషికి ఎందుకు?

నలభై రెండేండ్ల సంది కండువలు కుడుతున్న.
రంగుల పేర్లు మాత్రం చెప్ప,
దుకాణం నడవాలె గద.

ఎనుకట ఒక లీడరు ఉండె, దామెర దిక్కు మనిషి.
ఒక్క కండువ కుట్టించుకుంటే పదేండ్లు.
చినిగితే అతుకేయించుకునేటోడు గని
రంగు మార్చెటోడు గాదు.
మూడుసార్లు ఓడిండు.
మూడుసార్లు అదే కండువ మెడలేసుకొని
నా బాకి కట్టి పోయిండు.
ఇప్పటోళ్లు గెలిస్తే బాకి యాదికుండదు,
ఓడితే మనిషే దొరకడు.

జిల్లాకు పేరు మారినప్పుడల్ల
రసీదు బుక్కులు మల్ల అచ్చేయించిన.
ఇగ నాతోని గాదని
ఇప్పుడు ఉత్త "మట్టెవాడ" అని రాస్తున్న.
దీన్నన్న ఉండనియ్యున్రి.

మైకు వట్టుకుంటే చాలు
ఒకని అయ్యను ఒకడు తిట్టుడు.
మా నాయిన ఉంటే టీవీ మీద గుడ్డ కప్పేటోడు.
నేనూ కప్పిన.
గుడ్డ కిందికెల్లి సుత ఇనవడుతనే ఉన్నది.

పోచమ్మ మైదాన్ కాడ ఫ్లెక్సి సూసిన్రా?
సచ్చిపోయినాయన బొట్టుబిళ్లంత,
సంతాపం జెప్పెటోడు రెండంతస్తులంత,
అది గూడ పండ్లన్ని బెట్టి నవ్వుకుంట.
పక్కపొంటి నలభై తలకాయలు
ఉల్లిగడ్డల బుట్ట తీర్గ.
నేను దండం వెట్టిన గని
అది ఏ తలకాయకు చేరిందో నాకే తెల్వది.

పుట్టినరోజంటే తల్వారుతోని కేకు కోసుడు!
తల్వారు యుద్ధానికి, కేకు...
కేకు దేనికో నాకు ఇప్పటికీ తెల్వది.
ఆ కోసేటాయన యువనేత అట.
యాభై మూడేండ్లు.
నడుము కొలిచింది నేను,
టేపు సాలక దారం కలిపింది నేను,
నాకు తెల్వదా?

అంకూస్ నా దగ్గర కాజాలు కుట్టే పోరడు.
"మామా, కాలం మారింది" అంటడు.
మారింది నాకు తెల్వదారా,
మారెటప్పుడు ఒక్కమాటన్న అడిగిందా అంట.

మొన్న రాత్రి, షట్టర్ సగం దించినంక
కొంరెల్లన్న వంగి లోపటికి వచ్చిండు.
ఎంబడి ఎవ్వరు లేరు. సెంటు వాసన ఒక్కటే.
"మేస్త్రీ, ఒక కండువ గావాలె.
ఈ దిక్కు ఈ రంగు, ఆ దిక్కు ఆ రంగు.
కుట్టు కనవడద్దు."

నలభై రెండేండ్ల కోపం
ఒక్కపారి లేచి నిలవడ్డది.
ఇజ్జత్, మాట, పెద్దమనిషి తరీక,
అన్నీ అడుగుదామని నోరు తెరిచిన.
"ఎన్నడికి గావాలె?" అన్న.
"రేపు పదింటికి ప్రెస్‌మీట్" అన్నడు.

కుట్టిన.
నా జిందగిల అంత సాపు కుట్టు ఎన్నడు వడలే,
అదే నా బాధ.

ఇంటికి పోయి సాంబలక్ష్మితోని
దేశం ఎటు పోతున్నదో అర్దగంట చెప్పిన.
ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంట
"నువ్వు ఓటు ఎవలకేసినవ్?" అన్నది.
ఎప్పటి గుర్తుకే అన్న.
"ఆ గుర్తు మీద గెలిచినాయన పండుగెల్లకముందే అటు దుంకె గద?"
మనిషి దుంకితే దుంకనీ,
గుర్తు ఆడనే ఉన్నది గద అన్న.
ఆమె ఇంకో కాయ అందుకున్నది.

పొద్దుగాల మల్ల దుకాణం తెరిచి
టేపు మెడలేసుకున్న.
దీనికి గూడ రెండు దిక్కులు ఉన్నయని
అంకూస్ గాడు నవ్వుతడు,
ఒక దిక్కు ఇంచులు, ఒక దిక్కు సెంటీమీటర్లు.
ఉంటే ఉండనియ్.
ఆ సెంటీమీటర్ల దిక్కు
నేను ఇప్పటిదాంక తిప్పి సూడలే.